రోజుకి 49 మంది కోసం ఒక రైలు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. జపాన్‌లో కొండల మధ్య ఒక రైలు లైను ఉంది. అందులో 27.6 కిలోమీటర్ల ముక్క ఒకటి. 2009లో ఆ ముక్క మీద ఏడాది మొత్తానికి వచ్చిన ఆదాయం 50 లక్షల యెన్లు. నడపడానికి అయిన ఖర్చు 33 కోట్ల 50 లక్షల యెన్లు. అంటే ఒక్క యెన్ సంపాదించడానికి 67 యెన్లు ఖర్చు పెట్టాలన్నమాట. 2011లో వరదొచ్చి ఆ ముక్కలో వంతెనలు కొట్టుకుపోయాయి. మళ్ళీ కట్టాలంటే సుమారు 900 కోట్ల యెన్లు కావాలి, మన డబ్బుల్లో దాదాపు 500 కోట్ల రూపాయలు. మీరైతే ఏం చేస్తారు?

మన క్లాసులో ఎవర్నడిగినా "బస్సు వేసేస్తే పోలా?" అంటారు. రైల్వే కంపెనీ కూడా సరిగ్గా అదే అంది. అయినా పదకొండేళ్ళ తర్వాత, 2022 అక్టోబరు 1న, ఆ పట్టాల మీద మళ్ళీ రైలు నడిచింది. ఇదేదో సెంటిమెంటు వ్యవహారం అనుకుంటే పొరపాటే. దాని వెనక ఒక చట్ట సవరణ ఉంది, ఒక ఒప్పందం ఉంది, ఏటా డబ్బు కట్టే పదిహేడు ఊళ్ళున్నాయి. అదెలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

లైను పేరు తదామి. ఫుకుషిమ ప్రిఫెక్చర్‌లోని ఐజు-వాకమత్సు నుంచి పడమరగా కొండలెక్కి, సరిహద్దు దాటి, నీగత ప్రిఫెక్చర్‌లోని కొయిదే దాకా వెళ్తుంది. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రంలాంటిదే, కాకపోతే చిన్నది. మొత్తం 135.2 కిలోమీటర్లు, 36 స్టేషన్లు, ఒకే వరస పట్టాలు, కరెంటు తీగలు లేవు. పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676 కాబట్టి పక్కపక్కన పెడితే వాళ్ళ రైలు కాస్త బొమ్మ రైలులా కనిపిస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగున్నర గంటల పైనే పడుతుంది. బుల్లెట్ రైళ్ళ దేశంలో ఇంత నిదానమా అనిపిస్తుంది కదా. మన వీడియోల్లో కనిపించే జపాన్ వేరు, ఇది వేరు.

నడిచేవి ఒకటి రెండు డబ్బాల డీజిల్ బళ్ళు. 2020 మార్చి దాకా కిహా 40 రకం పాత బళ్ళు నడిచేవి, తర్వాత కిహా ఇ120 వచ్చింది. ఈ పేర్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను, నాకిది భలే నచ్చింది. "కి" అంటే తన ఇంజను తనలోనే ఉన్న బండి. "హ" అంటే మామూలు తరగతి. జపాన్ వాళ్ళ పాత అక్షరక్రమం మన అ, ఆ, ఇ లాగా ఇ, రొ, హ అని మొదలవుతుంది. మొదటి తరగతికి ఇ, రెండో తరగతికి రొ, మూడో తరగతికి హ. తరగతుల పద్ధతి ఎప్పుడో మారిపోయింది కానీ అక్షరాలు మాత్రం డబ్బాల మీద అలాగే ఉండిపోయాయి.

ఇక అసలు ప్రశ్న. ఇంత కొండల్లో, ఇంత తక్కువ మంది ఉన్నచోట, రైలు ఎందుకు వేశారు?

ఐజు-వాకమత్సు వైపు మొదటి ముక్క 1926లో, బంగే ఊరి దాకా పడింది. 1928కి యనైజు, 1941కి మియషిత, 1956కి కవగుచి. అటు నీగత వైపు నుంచి కొయిదే–ఒషిరకవ మధ్య 1942లో వేశారు. రెండు చివర్ల నుంచీ కొండల్లోకి పొడుచుకొచ్చిన రెండు వేళ్ళలాగా ఉండేది అప్పటి పరిస్థితి. మధ్యలో మిగిలింది అసలైన అడవి, అసలైన మంచు.

కవగుచి నుంచి తదామి దాకా ఉన్న ఆ 27.6 కిలోమీటర్లను మొదట వేసింది ప్రయాణికుల కోసం కాదు, డ్యామ్ కోసం. యుద్ధం తర్వాత జపాన్‌లో కరెంటు కొరత విపరీతంగా ఉండేది. తదామి నది బాగా వాలు మీద పారుతుంది, మంచు కరిగి ఎండాకాలం దాకా నీళ్ళొస్తూనే ఉంటాయి. జలవిద్యుత్తుకి అంతకంటే ఏం కావాలి? తగొకుర అనే చోట పెద్ద డ్యామ్ తలపెట్టారు. దానికి సిమెంటు, ఇనుము, యంత్రాలు మోయాలి. అందుకని విద్యుత్ సంస్థే 1957లో తన సొంత సరుకు రవాణా లైను వేసుకుంది. డ్యామ్ పనయ్యాక, 1963లో, అదే లైను జపాన్ జాతీయ రైల్వేలో కలిసి ప్రయాణికుల లైను అయింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ లోయలో పుట్టిన కరెంటు పెద్ద పెద్ద తీగల మీద టోక్యో వైపు వెళ్ళిపోయింది. లోయలో మిగిలినవి ఒక జలాశయం, ఒక రైలు. తర్వాతి రోజుల్లో "ఈ రైలు వల్ల నష్టం" అని ఎవరైనా లెక్క చూపించినప్పుడు, ఆ లెక్కలో ఈ కరెంటు ఎక్కడా ఉండదు.

మనకి తెలిసిన పోలిక ఒకటుంది. కొత్తవలస–కిరండూల్ లైను, అంటే మన అరకు వెళ్ళే దారి. దాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి. అక్కణ్ణుంచి ఓడల్లో ఆ ఖనిజం వెళ్ళింది ఎక్కడికనుకున్నారు? జపాన్‌కే. ఇవాళ మనం అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ ఫోటోలు దిగే దారి, పుట్టుకతో సరుకు దారే. కాకపోతే మన లైనుకి ఖనిజం ఇప్పటికీ ఉంది కాబట్టి దాని బతుకుతెరువుకి ఢోకా లేదు. తదామికి ఆ సరుకు 1960లలోనే అయిపోయింది.

మిగిలిన మధ్య భాగం, తదామి నుంచి ఒషిరకవ దాకా, 1971 ఆగస్టు 29న పూర్తయింది. దాని కోసం 6,359 మీటర్ల సొరంగం తవ్వాల్సొచ్చింది. పేరు రొకుజూరి-గోఎ, అంటే అరవై ఆమడల కనుమ అనుకోండి. నిజానికి ఆ కనుమ దారి ఆరు 'రి'లే, ఒక రి సుమారు నాలుగు కిలోమీటర్లు. కానీ నడిచేవాడికి ఒక్కోటీ పదిలా అనిపించేదట, అందుకే అరవై అన్నారు. నడిచి నడిచి విసిగిపోయినవాళ్ళు పెట్టిన పేరని తెలుస్తూనే ఉంది.

ఈ సొరంగం పైనుంచే ఒక జాతీయ రహదారి వెళ్తుంది. దాని నంబరు 252. శీతాకాలం మొదలవగానే ఆ కనుమ దారి మూసేస్తారు, మళ్ళీ వసంతంలోనే తెరుస్తారు. తదామి చుట్టుపక్కల మంచు మనిషి ఎత్తు దాటి ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఆ మంచే ఈ లైనుని మొదటిసారి కాపాడింది. ఎలాగంటే, 1980లో జపాన్ జాతీయ రైల్వే అప్పుల్లో కూరుకుపోయి ఉంది. నష్టాల లైన్లు వదిలించుకోవడానికి ఒక చట్టం తెచ్చారు. అందులో కొలబద్ద పేరు రవాణా సాంద్రత.

ఇది మనకి సులభంగానే అర్థమవుతుంది. ఒక ఏడాదిలో ప్రయాణికులందరూ ఆ లైను మీద తిరిగిన కిలోమీటర్లన్నీ కూడండి. దాన్ని లైను పొడవుతో, తర్వాత 365తో భాగించండి. వచ్చిన అంకె అర్థం ఏంటంటే, ఆ లైనులో ఏదో ఒక చోట నిలబడి చూస్తే రోజుకి సగటున ఎంతమంది మన ముందు నుంచి వెళ్తారు అని. రెండు దిక్కులూ కలిపి. ఆ సంఖ్య 4,000 కంటే తక్కువైతే లైను ఎత్తేసి బస్సు వెయ్యొచ్చు అన్నారు. అలా 83 లైన్లు జాబితాకెక్కాయి. 45 బస్సులైపోయాయి, 38 వేరే సంస్థల చేతికి వెళ్ళి రైళ్ళుగానే బతికాయి.

తదామి లైను 4,000 ఛాయలకి కూడా రాదు. కానీ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. పక్కనున్న రోడ్డు మంచు వల్ల ఏడాదికి పది రోజులకు మించి మూతపడితే ఆ లైను తీసేయకూడదు అన్నది వాటిలో ఒకటి. రోడ్డు నెలల తరబడి మూతపడుతుంది కాబట్టి తదామి బయటపడింది. ఇందులో ఒక తమాషా ఏంటంటే, మంచు మరీ ఎక్కువైతే ఆ కనుమ భాగంలో రైలు కూడా రోజుల తరబడి ఆగిపోతుంది. చట్టం ఆ సంగతి అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేని ముక్కలు చేసినప్పుడు ఈ లైను జేఆర్ ఈస్ట్ అనే కంపెనీ వాటాకి వచ్చింది. ఇదే కంపెనీ టోక్యోలో యమనోతె లైను నడుపుతుంది. 2019లో యమనోతె రవాణా సాంద్రత 11 లక్షలకు పైనే. తదామి లైనులో కవగుచి–తదామి ముక్కకి 2010లో ఎంతో తెలుసా? 49. ఆ భాగంలో రోజుకి మూడు రైళ్ళు పోతాయి, మూడు వస్తాయి. 49ని ఆరుతో భాగిస్తే రైలుకి ఎనిమిది మంది. మన కాలేజీ గేటు దగ్గర షేర్ ఆటోలో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఇక 2011. మార్చిలో భూకంపం, సునామీ, అణు ప్రమాదం. ఫుకుషిమ పేరు ప్రపంచమంతా మోగింది. అదంతా సముద్రం వైపు జరిగింది. తదామి లోయ ప్రిఫెక్చర్‌కి ఆ చివర, కొండల్లో ఉంది. నాలుగు నెలలకి, జులై చివరి వారంలో, ఇక్కడ కుండపోత వాన. తదామి నది పొంగింది. ఈ లైను నదిని మాటిమాటికీ అటూ ఇటూ దాటుతూ పోతుంది, అలా దాటే వంతెనలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లున్నాయి. అందులో 5, 6, 7 నంబర్ల వంతెనల దూలాలు కొట్టుకుపోయాయి. మిగతా భాగాలు మెల్లగా బాగయ్యాయి కానీ కవగుచి–తదామి మధ్య మాత్రం బస్సు వేశారు. తాత్కాలికమని వేసిన ఆ బస్సు పదకొండేళ్ళు తిరిగింది.

కంపెనీ వాదన తీసిపారేయదగ్గది కాదు. రోజుకి యాభై మంది లేనిచోట రైలు అంటే వృథా. బస్సైతే ఊళ్ళోకి వస్తుంది, ఆసుపత్రి ముందు ఆగుతుంది, ఎక్కువసార్లు తిప్పొచ్చు. పైగా ఈ లోయలో ఇళ్ళన్నిటికీ కార్లున్నాయి. కనెయమ అనే ఊరి సంగతే చూడండి. కవగుచి స్టేషన్ ఉన్నది ఆ ఊళ్ళోనే. జనాభా రెండు వేల లోపు, అందులో సగానికి పైగా 65 దాటినవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ 49 పెరుగుతుందా, తగ్గుతుందా?

అవతలి పక్షం వాదన వేరే రకంగా ఉంది. మధ్యలో 27 కిలోమీటర్లు తెగిపోతే అది ఒక లైను కాదు, రెండు మొండి కొసలు. ఆ రెంటికీ కూడా జనం తగ్గుతారు, వాటినీ ఎత్తేయమంటారు. రైలు పటంలో గీత ఉన్నంతవరకే బయటివాళ్ళకి మన ఊరుందని తెలుస్తుంది. బస్సు ఏ పటంలోనూ కనిపించదు. ఇది నాకు మొదట బలహీనమైన వాదనలా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, మనం కూడా ఏ ఊరి గురించైనా మొదట అడిగేది "అక్కడికి రైలుందా?" అనే కదా.

2017 జూన్‌లో ఫుకుషిమ ప్రిఫెక్చర్, కంపెనీ ఒప్పందానికొచ్చాయి. ఇందులో ఇంజనీరింగ్ కంటే గొప్ప పని ఖాతాల్లో జరిగింది. రైల్వేని పైన, కింద అని రెండుగా విడగొట్టారు. కింద అంటే నేల, పట్టాలు, వంతెనలు, సిగ్నళ్ళు. ఇవి ఆ ముక్క వరకూ ప్రిఫెక్చర్ సొంతం. పైన అంటే బళ్ళు, డ్రైవర్లు, టికెట్లు. ఇవి కంపెనీవి. బండి నడిపినందుకు కంపెనీ పట్టాల అద్దె కడుతుంది, అదీ తనకి నష్టం రానంతవరకే. ఒక రకంగా మన ఆర్టీసీ లాంటిదే ఇది. ఆర్టీసీ వాళ్ళు రోడ్డు వెయ్యరు కదా, రోడ్డు ప్రభుత్వానిది, బస్సు వాళ్ళది. రోడ్డు మీద ఎంత నష్టం వచ్చిందని ఎవరూ అడగరు. రైలుని మాత్రం పట్టాల ఖర్చు కూడా టికెట్లలోనే రాబట్టమంటాం. ఆ తేడాని ఈ ఒప్పందం తీసేసింది.

పునర్నిర్మాణం ఖర్చు మూడు వాటాలు: కేంద్ర ప్రభుత్వం ఒకటి, స్థానిక ప్రభుత్వాలు ఒకటి, కంపెనీ ఒకటి. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. లాభాల్లో ఉన్న కంపెనీకి కేంద్రం ఇలాంటి సాయం చేయడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. 2018లో ఆ చట్టాన్ని సవరించారు. కంపెనీ లాభాల్లో ఉన్నా ఆ లైను నష్టాల్లో ఉంటే, వరదల్లాంటివి పెద్ద దెబ్బ కొడితే, సాయం ఇవ్వొచ్చని. ఆ ఏడాదే పనులు మొదలయ్యాయి. ఇక ఏటా పట్టాల నిర్వహణకి అయ్యే ఖర్చులో 7 వంతులు ప్రిఫెక్చర్‌వి, 3 వంతులు ఐజు ప్రాంతంలోని 17 మున్సిపాలిటీలవి. వాటిలో రైలు అసలు పోని ఊళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళూ కడుతున్నారు.

ఇదంతా చదివి "అన్ని చోట్లా ఇలాగే చేస్తారేమో" అనుకోకండి. క్యూషూలో హిత-హికోసాన్ అనే లైను 2017 జులై వానలకి దెబ్బతింది. అక్కడ చర్చలు వేరే దారి పట్టాయి. దెబ్బతిన్న భాగానికి రైలు మళ్ళీ రానే లేదు, 2023 ఆగస్టు 28 నుంచి దాని స్థానంలో బస్సులే. పట్టాలు తీసి కొంతభాగం బస్సుల రోడ్డుగా మార్చి, బస్సులు నడుపుతున్నారు. తదామికి ఉత్తరాన యొనెసక లైను 2022 ఆగస్టు వరదల్లో తెగింది, దాని మీద బేరాలు జరుగుతూనే ఉన్నాయి. హిరోషిమ, ఒకయమల మధ్య గెయిబి లైనుకి వరద కూడా అక్కర్లేకపోయింది, జనం లేకపోవడమే చాలింది. 2023లో వచ్చిన కొత్త చట్టం కింద, లైను ఉంచాలా వద్దా అని తేల్చడానికి కేంద్రం మొట్టమొదటి సంఘం వేసింది దానికే, 2024 జనవరిలో. అసలు జేఆర్ ఈస్టే 2022 జులైలో తొలిసారి తన నష్టాల చిట్టా బయటపెట్టింది: 35 లైన్లు, 66 ముక్కలు, మొత్తం నష్టం 6,930 కోట్ల యెన్లు. ఒక్కో అంకె వెనకా ఒక తదామి ఉందన్నమాట. అన్నిటికీ 900 కోట్లు ఎవరు తెస్తారు?

తదామికి డబ్బు రావడానికి అందం కూడా ఒక కారణం అని ఒప్పుకోవాలి. మియషితకి కాస్త ముందు మొదటి నంబరు వంతెన ఉంది. 1941 నాటి ఉక్కు కమాను. డ్యామ్ నీళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టి వంతెన, రైలు, కొండ మొత్తం నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తాయి. ఎండాకాలం తెల్లవారుజామున నది మీద పొగమంచు లేస్తుంది. పక్కనే రోడ్డు మీద బళ్ళు ఆపుకునే చోటుంది, అక్కణ్ణుంచి కొండెక్కితే ఫోటోలు తీసే చోట్లు ఒకదానిపైన ఒకటి ఉన్నాయి. హోషి కెంకో అనే స్థానిక ఫోటోగ్రాఫర్ ఏడాదిలో దాదాపు 300 రోజులు ఈ లైనునే తీస్తాడు, ఆయన మీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఇలాంటి బొమ్మలు చూసి తైవాన్ నుంచి జనం రావడం మొదలైంది. రైలు నడవని రోజుల్లో కూడా వచ్చారు.

నా మటుకు నాకు ఇందులో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ఆకులు ఎర్రబడే అక్టోబరు, నవంబరు వారాంతాల్లో కూర్చోడానికి చోటుండదు, ఫిబ్రవరి మంగళవారం డబ్బా ఖాళీ. రోజుకి మూడు రైళ్ళతో ఒక ముసలామె ఆసుపత్రికి వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావడం కష్టం. పైగా ఫోటో తీసేవాళ్ళలో చాలామంది కార్లో వచ్చి, తీసుకుని, కార్లోనే పోతారు. 49లో వాళ్ళు లేరు. రైలు బాగుపడింది కానీ టైమ్‌టేబుల్ బాగుపడలేదు. అయినా బస్సు వేసి ఉంటే ఆ ముసలామె బతుకు మారిపోయేదా అంటే, పదకొండేళ్ళు బస్సే కదా నడిచింది, ఊరు ఖాళీ అవడం ఆగలేదు. రెండిట్లో ఏదీ మందు కానప్పుడు, వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని వాయిదా వేయడం తెలివైన పనే అని నాకనిపిస్తుంది. పట్టాలు ఒకసారి పీకితే మళ్ళీ వెయ్యరు. కట్టేది వాళ్ళ పన్నులే కాబట్టి తేల్చుకునే హక్కూ వాళ్ళదే.

మన సీనియర్లు కొందరు జపాన్‌లో చదువుతున్నారు, వెళ్ళబోయేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టోక్యో నుంచి షింకన్‌సెన్‌లో కోరియమ దాకా, అక్కడ బండి మారి ఐజు-వాకమత్సు. మొత్తం లైను తిరగాలంటే రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే మొదటి బండి ఎక్కడం మంచిది. పట్టాలు ప్రిఫెక్చర్‌వైనా నడిపేది జేఆరే కాబట్టి జేఆర్ పాస్ చెల్లుతుంది. యనైజులో దిగితే ఎంజోజి అనే పాత గుడి, దాని ముందు కొర్రల్లాంటి చిరుధాన్యంతో చేసే ఆవిరి లడ్డూల్లాంటి మిఠాయి దొరుకుతాయి. ఆ గుడి కట్టేటప్పుడు దుంగలు లాగిన ఎర్రావు కథ వల్లే ఐజు అంతటా తలూపే ఎర్రావు బొమ్మలు కనిపిస్తాయి. కానీ దిగేముందు తర్వాతి రైలు ఎప్పుడో చూసుకోండి, మధ్యలో గంటల తేడా ఉంటుంది.

తదామి ఊరు దగ్గర పడ్డాక ఒకసారి కిటికీలోంచి బయటికి చూడండి. పొలంలో పనిచేసుకుంటున్నవాళ్ళు, రోడ్డు పక్క పిల్లలు, ఎవరో తెలియకపోయినా మీకు చెయ్యి ఊపుతారు. తదామి పట్టణం వాళ్ళు దానికి ఏకంగా ఒక స్థానిక చట్టమే చేసుకున్నారు, తదామి రైలు కనిపిస్తే అందరం చెయ్యి ఊపుదాం అని. ఊపకపోతే జరిమానా ఏమీ లేదు.